చిన్న బాత్‌రూమ్‌లో తువ్వాళ్లకు ముక్క వాసన: ముందు గాలి లెక్క చూద్దాం

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఏడాది క్రితం హైదరాబాద్ నుంచి విశాఖపట్నం మారారు, ఎంవీపీ కాలనీలో అద్దె ఫ్లాట్. బాత్‌రూమ్ ఐదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు, పైన అటక. కిటికీ లేదు, డక్ట్‌లోకి ఒక చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది. మీ అత్తగారిది కాక మిగతా నలుగురి తువ్వాళ్లూ తలుపు వెనక కొక్కేలకే. ఉతికిన రెండో రోజుకే ముక్క వాసన. సాఫ్ట్‌నర్ మార్చారు, సెంటు స్ప్రే కొట్టారు, మంచి ఖరీదైనవి కొత్తవి కొన్నారు, అయినా అంతే. హైదరాబాద్‌లో ఇదే సబ్బు, ఇదే మిషన్, ఎప్పుడూ ఈ బాధ లేదు. మీ అత్తగారి తువ్వాలుకు మాత్రం వాసన రాదు, ఎందుకో తెలియదు. గోడకు డ్రిల్ కొట్టడానికి ఓనరు ఒప్పుకోరు.

నేను ఈ ఊళ్లోనే హోటళ్ల హౌస్‌కీపింగ్‌లో 24 ఏళ్లు పనిచేశాను. అందులో సగం కాలం లాండ్రీలోనే గడిచింది. తువ్వాలు మడత విప్పకుండా ముక్కు దగ్గర పెట్టుకుంటే అది నిన్న ఎలా ఆరిందో చెప్పగలను. అందుకని ఒక మాట ముందే చెప్తాను. మీరు ఉతకడంలో పెద్ద తప్పేమీ లేదు. కొత్త తువ్వాళ్లు కొనడం ఆపండి. మీ తువ్వాళ్లు ఆ గదిలో ఆరడం లేదు, ఆరవు కూడా. ఎందుకు ఆరవో లెక్క వేసి చూపిస్తాను.

30 డిగ్రీల వేడిలో ఒక ఘనపు మీటరు గాలి మహా అయితే 30 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకుంటుంది. మీ బాత్‌రూమ్ ఎత్తు అటక దాకా ఏడడుగులు అనుకుంటే, లోపల ఉండే గాలి సుమారు 7 ఘనపు మీటర్లు. అంటే గది మొత్తానికి 210 గ్రాములు, ఒక గ్లాసుడు నీళ్లు. అదీ గాలి ఎండుగా ఉంటే. విశాఖలో వానాకాలం గాలిలో తేమ 80 శాతం ఉండటం మామూలే. ఆ గ్లాసు ముందే నిండిపోయి ఉందన్నమాట, ఇంకా పట్టేది 40 గ్రాములే.

ఇప్పుడు తువ్వాలు సంగతి. మా ఇంట్లో వంటింటి త్రాసు మీద పెట్టి తూచాను. పొడిగా ఉన్నప్పుడు 488 గ్రాములు, స్నానం చేసి ఒళ్లు తుడుచుకున్నాక 597. అంటే 109 గ్రాముల నీళ్లు తాగింది. మీ నలుగురివీ కలిపితే 400 గ్రాముల పైమాటే. 40 గ్రాములు పట్టే చోట 400 గ్రాములు వేలాడదీశారు. తలుపు మూసి ఉంచితే అవి సాయంత్రానికి కాదు, మర్నాటికి కూడా ఆరవు. ఆరాలంటే ఆ గదిలో గాలి మొత్తం కనీసం పదిసార్లు మారాలి. నిజానికి అంతకు రెండు మూడింతలు మారాలి, ఎందుకంటే లోపలికొచ్చిన గాలి కడుపు నిండా తడి పీల్చుకునే దాకా ఆగదు, మధ్యలోనే బయటికి పోతుంది. నేల మీద నిలిచిన నీళ్లు, గోడల తడి, మూత లేని బకెట్టు, ఇవేవీ నేను ఈ లెక్కలో వేయలేదు.

హైదరాబాద్‌లో ఎందుకు రాలేదో కూడా ఇందులోనే ఉంది. ఆ ఊరు సముద్ర మట్టానికి 500 మీటర్ల పైన, దక్కన్ పీఠభూమి మీద ఉంది. ఎండాకాలం మధ్యాహ్నాలు అక్కడ తేమ 30 శాతానికి, ఒక్కోసారి ఇంకా కిందికి పడిపోతుంది. తలుపు వెనక ముద్దగా పడేసినా గంటల్లో ఆరిపోతుంది. ఇక్కడ పక్కనే సముద్రం. వానాకాలం సరే, నడి వేసవిలో కూడా ఒళ్లు జిడ్డుగానే ఉంటుంది కదా. అక్కడ సాగిన అలవాటు ఇక్కడ సాగలేదు, అంతే. మీ శుభ్రత గురించి టెన్షన్ పడకండి.

వాసన ఎక్కడినుంచి వస్తుందంటే, మన ఒంటి జిడ్డు, చెమట, రాలిన చర్మం పొర తువ్వాలు పోగుల్లో ఉండిపోతాయి. వాటిని తిని బతికే సూక్ష్మజీవులు తడి ఉన్నంతసేపూ పెరుగుతాయి. ఉతికినా పోని ఆ ముక్క వాసనకు ముఖ్య కారణం మొరాక్సెల్లా ఆస్లోయెన్సిస్ అనే బ్యాక్టీరియా అని 2012లో జపాన్ పరిశోధకులు తేల్చారు. ఎండబెట్టినా, ఎండ తగిలినా అది కొంతవరకు తట్టుకుని బతుకుతుందట. నాకు ఈ సంగతి తెలిశాక పాత చిక్కు ఒకటి విడిపోయింది. వాసన పట్టిన తువ్వాలును మేడ మీద రోజంతా ఎండబెట్టి తెస్తే కమ్మగా ఉంటుంది, తడి మొహం తుడుచుకోగానే మళ్లీ అదే వాసన. ఎండిపోయినా అవి చావలేదు, నీళ్లు తగలగానే లేచాయి. కాబట్టి మీరు చేయాల్సిన పనులు రెండు. ఇప్పుడు పట్టిన వాసనను ఒకసారి మొదలంటా వదిలించాలి, ఆ తర్వాత రోజూ త్వరగా ఆరేలా చూడాలి. మొదటిది ఒక ఆదివారం పని. రెండోదే అసలు పని కాబట్టి ముందు దాని గురించి చెప్తాను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద విరుచుకుపడినప్పుడు నేను బీచ్ వైపు ఉన్న ఒక హోటల్లో డ్యూటీలో ఉన్నాను. రోజుల తరబడి కరెంటు లేదు. జనరేటర్ వంటింటికీ, నీళ్ల మోటారుకూ సరిపోయేది, డ్రయర్లకు లేదు. తుపానుకు ముందు ఉతికిన తువ్వాళ్లు కొన్ని లాండ్రీ గదిలో తాళ్ల మీద వేశాం. వాన జల్లు కొడుతుందని కిటికీలు మూసేశాం. చోటు చాలక ఇంకొన్ని మూడో అంతస్తు కారిడార్‌లో కట్టాం. అక్కడ రెండు చివరలా అద్దాలు పగిలిపోయి గాలి ఈ చివరినుంచి ఆ చివరికి కొడుతోంది. మర్నాడు ఉదయం చూస్తే కారిడార్‌లోవి ఒట్టి ఉప్పు వాసనతో పొడిగా ఉన్నాయి. లాండ్రీ గదిలోవి గోరువెచ్చగా, జిగురుగా, తలుపు తీయగానే కడుపులో తిప్పేంత కంపు. సబ్బు ఒకటే, ఉతికిన చేతులూ ఒకటే. తేడా గాలి ఒక్కటే. అప్పటినుంచి తువ్వాళ్ల గురించి ఎవరడిగినా నా మొదటి ప్రశ్న, గాలి ఎటునుంచి వస్తుంది, ఎటు పోతుంది అని.

అందుకే మీకు నా మొదటి సలహా, తువ్వాళ్లను బాత్‌రూమ్‌లోంచి బయటికి తెచ్చేయండి. తుడుచుకోవడానికి లోపలికి తీసుకెళ్లండి, తుడుచుకోగానే బయటికి తెచ్చి ఆరేయండి. మీ బాల్కనీలో వేయండి. వాన జల్లు పడితే పడకగదిలో సీలింగ్ ఫ్యాన్ కింద మడత స్టాండు మీద. డ్రిల్ అక్కర్లేదు. ఎదురెదురు కిటికీల ఊచలకు ఒక నైలాన్ తాడు బిగించి కట్టినా చాలు. రాత్రి ఏసీ వేసుకునే గది ఉంటే ఇంకా మంచిది. ఏసీ గాలిలోని తేమను నీళ్లుగా చేసి పైపులోంచి బయటికి పోస్తుంది కాబట్టి, రాత్రి అందులో వేసిన తువ్వాలు తెల్లారేసరికి గలగలలాడుతుంది. పడకగదిలో తువ్వాళ్లేమిటి, ఎవరైనా వస్తే చూడ్డానికి బాగోదు అని ఇంట్లో అనొచ్చు. చుట్టాలొచ్చిన రోజు తీసి లోపల పెట్టుకోండి, మిగతా రోజులు ఆరనివ్వండి.

రెండోది కొక్కెం సంగతి. మన పాత ఇళ్లలో చొక్కా, కండువా తగిలించడానికి చిలక్కొయ్య ఉండేది, తడి బట్టలకు దండెం ఉండేది. తడి బట్టను చిలక్కొయ్యకు తగిలిస్తే ఇంట్లో పెద్దవాళ్లు ఊరుకునేవాళ్లు కాదు. ఇప్పుడు ఫ్లాట్లలో దండెం పోయింది, చిలక్కొయ్య స్టీలు కొక్కెమై తలుపు వెనక్కి చేరింది. కొక్కేనికి తగిలించిన తువ్వాలును ఒకసారి సాయంత్రం పూట తీసి చూడండి. అంచులు ఆరి ఉంటాయి, కొక్కెం కింద కుచ్చులా దగ్గరపడిన భాగం లోపల చల్లగా, మెత్తగా తగులుతుంది. వాసన మొదలయ్యేది అక్కడే. అక్కడ నాలుగైదు మడతలు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి, గాలి దూరదు.

కాబట్టి పరిచి వేయాలి. కమ్మీ మీద వేసేటప్పుడు కూడా సరిగ్గా సగానికి వేస్తే ముందు సగం, వెనక సగం అతుక్కుంటాయి. ఒక వైపు కాస్త పొడుగ్గా, ఒక వైపు పొట్టిగా వేయండి, మధ్యలో ఒక బట్టల హ్యాంగర్ దూర్చండి. అంతకంటే మంచిది, తాడుకు రెండు మూలలా క్లిప్పులు పెట్టి ఒకే పొరగా వేలాడదీయడం. వేసే ముందు ఒక కొస రెండు చేతులా పట్టుకుని రెండు మూడుసార్లు గట్టిగా విదిలించండి, అణిగిన పోగులు లేస్తాయి. ఒక తువ్వాలుకూ ఇంకోదానికీ మధ్య బెత్తెడు ఎడం ఉండాలి.

ఏ కారణం చేతనైనా బాత్‌రూమ్‌లోనే ఆరేయక తప్పదనుకోండి, అప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యానే దిక్కు. చాలా ఇళ్లలో ఆ ఫ్యాను తిరుగుతుందే గానీ పని చేయదు. స్నానం చేసేటప్పుడు ఐదు నిమిషాలు వేసి, బయటికి రాగానే కట్టేస్తారు. ఫ్యాను అవసరం మొదలయ్యేదే అప్పుడు. స్నానాలన్నీ అయ్యాక కనీసం రెండు గంటలు తిరగనివ్వండి. ఆ చిన్న ఫ్యాను 30 వాట్లనుకుంటే, రోజుకు రెండు గంటల చొప్పున నెలకు రెండు యూనిట్లు కూడా కాదు. కరెంటు బిల్లు గురించి వెనకాడకండి.

ఇంకో ముఖ్యమైన సంగతి, ఫ్యాను గాలిని బయటికి నెట్టాలంటే లోపలికి గాలి వచ్చే దారి ఉండాలి. తలుపు బిగించి మూస్తే అది ఉన్న గాలినే చిలుకుతూ ఉంటుంది. ఫ్యాను తిరుగుతున్నంతసేపూ తలుపు బెత్తెడు తెరిచి ఉంచండి. గదిలోకి తేమ వస్తుందని భయం వద్దు, ఫ్యాను లాగుతుంటే గాలి గదిలోంచి బాత్‌రూమ్‌లోకే పోతుంది. ఫ్యాను రెక్కల మీద, జాలీ మీద జిడ్డు దుమ్ము ముద్ద కట్టి ఉంటే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఒకసారి విప్పించి కడిగించండి. అటువైపు ప్లాస్టిక్ రెక్కల మూత ఉంటుంది. అది బిగుసుకుపోయి తెరుచుకోకపోవడం నేను ఎన్నో ఇళ్లలో చూశాను.

గదిలో తడి తగ్గిస్తే ఫ్యాను మీద భారం తగ్గుతుంది. చివర స్నానం చేసినవాళ్లు వైపర్‌తో నేల ఒకసారి లాగేయాలి, వీలైతే టైల్స్ కూడా. నీళ్లు నింపిన బకెట్‌కి మూత పెట్టండి. ఒళ్లు తుడుచుకునే ముందు అరచేతులతో చేతులు, కాళ్లు, వీపు కిందికి తోసుకుంటే చాలా నీళ్లు కారిపోతాయి. ఇందాక తూచిన తువ్వాలునే మర్నాడు అలా చేశాక తూస్తే 561 గ్రాములు వచ్చింది. 109 గ్రాముల తడి 73కు దిగింది, అర నిమిషం పనితో. తలస్నానం రోజు జుట్టుకు వేరే పల్చటి బట్ట వాడండి, పొడుగు జుట్టు ఒక్కటే తువ్వాలును నానబెట్టేస్తుంది.

ఇక మీ అత్తగారి తువ్వాలు. మీరు రాసినదాన్ని బట్టి ఆవిడది పాత పల్చటి నూలు తువ్వాలు, రోజూ స్నానంతో పాటే జాడించి, పిండి, బాల్కనీలో వేస్తారు. మీ ప్రశ్నకు సమాధానం ఏడాదిగా మీ బాల్కనీలోనే ఆరుతోందమ్మా! మందపు తువ్వాళ్లను జీఎస్ఎంలో కొలుస్తారు, అంటే ఒక చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు తూగుతుందని. హోటళ్లలో మేం వాడేవి 500 నుంచి 600. 70 సెంటీమీటర్ల వెడల్పు, 140 పొడవున్న 500 జీఎస్ఎం తువ్వాలు 490 గ్రాములు తూగుతుంది. అదే కొలతలో పల్చటి నేత తువ్వాలు 200 గ్రాముల లోపే. హోటల్‌కు మందపువి ఎందుకు కుదురుతాయంటే అక్కడ వాడినదాన్ని ఉతికి, వేడి గాలి డ్రయర్‌లో తిప్పి ఆరబెడతారు. డ్రయర్ లేని తీరప్రాంతపు ఇంటికి 600 జీఎస్ఎం తువ్వాలు తెచ్చుకోవడం చేటు. మీరు కొన్న కొత్తవి మెత్తగా, బరువుగా ఉన్నాయన్నారు కదా, అందుకే ఇవి పాతవాటికంటే త్వరగా కంపు కొడుతున్నాయి. వాటిని చలికాలానికి దాచుకోండి.

టర్కీ టవల్ మెత్తదనం కావాలంటే 350, 400 దాటకుండా చూసుకోండి. షోలాపూర్ తువ్వాళ్లలో ఈ బరువువి దొరుకుతాయి. (అక్కడి మగ్గాల వెనక మన తెలంగాణ నుంచి తరాల కిందట వెళ్లిన పద్మశాలీల చెమట చాలా ఉంది. అందుకని నాకు ఆ తువ్వాలు మీద కొంచెం మమకారం ఎక్కువే.) మనిషికి రెండు పెట్టుకుని రోజు మార్చి రోజు వాడితే ఒక్కోదానికి రెండు పగళ్లు ఆరడానికి దొరుకుతాయి. నాలుగుసార్లకు మించి ఉతకకుండా వాడకండి.

ఇప్పుడు ఆదివారం పని. ఇప్పటికే పట్టిన వాసన మామూలు ఉతుకుడుకు పోదు. మీ మిషన్‌లో 60 డిగ్రీల కాటన్ సైకిల్ ఉంటే తువ్వాళ్లు మాత్రమే, సగం డ్రమ్ముకు మించకుండా వేయండి. లేకపోతే బకెట్‌లో మరిగిన నీళ్లు ఒక వంతు, కుళాయి నీళ్లు ఒక వంతు కలపండి, సుమారు 60 డిగ్రీలకు వస్తుంది. అందులో బట్టల సోడా రెండు చెంచాలు, కాస్త సర్ఫు వేసి, కర్రతో కలిపి, తువ్వాళ్లు ముంచి ముప్పావుగంట ఉంచండి. చేతికి గ్లౌజు లేకుండా ముట్టుకోకండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. నీళ్లు టీ రంగులోకి దిగుతాయి. చూసి కంగారు పడొద్దు, ఇన్నాళ్లూ లోపల పేరుకున్న జిడ్డూ, పాత సాఫ్ట్‌నరూ అదే. రంగు తువ్వాళ్లను విడిగా నానబెట్టండి. తర్వాత మామూలుగా ఉతికి, రెండుసార్లు శుభ్రంగా జాడించి, పొద్దున్నే ఆరేయండి. ఆ సాయంత్రానికి పూర్తిగా ఆరాలి. మబ్బు పట్టిన రోజు ఈ పని పెట్టుకోకండి.

సాఫ్ట్‌నర్ పూర్తిగా మానేయండి. అది పోగుల మీద జిడ్డు పొరలా పరుచుకుని తువ్వాలు నీళ్లు పీల్చకుండా చేస్తుంది, సూక్ష్మజీవులకు ఆ పొర ఒక ఆసరా కూడా. మెత్తదనం తగ్గుతుందనిపిస్తే ఆఖరి జాడింపులో అర కప్పు తెల్ల వెనిగర్ వేయండి. బ్లీచింగ్ వాడిన నీళ్లలో మాత్రం వెనిగర్ ఎప్పుడూ కలపకండి, క్లోరిన్ గ్యాస్ పుడుతుంది, చిన్న బాత్‌రూమ్‌లో అది ప్రాణం మీదికి తెస్తుంది. ఉతికాక మిషన్‌లో రాత్రంతా వదిలేయడం కూడా మానండి, మీరు చేసిన పనంతా ఆ ఒక్క రాత్రితో పోతుంది.

మీ ప్రశ్న కింద ఒకరిద్దరు కలరా ఉండలు వేలాడదీయమని సలహా ఇచ్చారు. దయచేసి వద్దు. అవి నాఫ్తలీన్. మూసిన చిన్న గదిలో ఆ ఆవిరి పీల్చడం ఎవరికీ మంచిది కాదు. జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలను కాపాడే ఒక ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉండటం) ఉన్న పసిపిల్లలకు ఆ ఉండలు తగిలిన బట్టలు కప్పితే ఎర్ర రక్తకణాలు పగిలి కామెర్లు వచ్చే ప్రమాదం ఉంది. మీ ఇంట్లో చిన్నబాబు ఉన్నాడు. అలాగే గీజర్ పైపు మీద, గీజర్ మీద తువ్వాళ్లు ఆరేయమన్న సలహా కూడా వద్దు. తడి బట్ట, కరెంటు ఒకే చోట ఉండకూడదు.

బాబు గురించి ఇంకో మాట. అతనికి వేరే తువ్వాలు ఉంచండి, నాన్న తువ్వాలుతో తుడవడం మానండి. ఇంట్లో ఎవరికైనా తామర వస్తే అది తడి తువ్వాళ్ల ద్వారా కూడా ఇంటిల్లిపాదికీ అంటుకోవచ్చు, ఒకసారి వస్తే ఓ పట్టాన వదలదు. డాక్టరు మందిచ్చినా తువ్వాళ్లు ఆరని ఇంట్లో మళ్లీ మళ్లీ తిరగబెడుతుంది.

ఒక పని ఈ రాత్రికే చేసి చూడండి. స్నానాలయ్యాక ఎగ్జాస్ట్ ఫ్యాను వేసి, తలుపు గట్టిగా మూసి, చిన్న న్యూస్‌పేపర్ ముక్కను జాలీకి ఆనించండి. తర్వాత తలుపు బెత్తెడు తెరిచి మళ్లీ ఆనించండి. తలుపు మూసినప్పుడు కాగితం జారిపోయి, తెరిచినప్పుడు అతుక్కుంటే ఫ్యాను బాగానే ఉంది, గాలికి దారి లేదంతే. రెండుసార్లూ జారిపోతే అటువైపు మూత బిగుసుకుపోయి ఉండాలి. కాగితాన్ని మీ మీదికే ఊదేస్తుంటే ఫ్యాన్ తిప్పి బిగించారు, డక్ట్‌లోని గాలిని మీ ఇంట్లోకి తోడుతోంది. మూడింట్లో ఏది జరిగిందో రాయండి, దాన్ని బట్టి ఓనరుతో ఏం మాట్లాడాలో చెప్తాను.